విగ్రహం - స్వరూపం - దర్శనం: పొదిలి సీమ క్రైస్తవ ధ్యానంలో రూపభావన

వ్యాససంగ్రహం:
ప్రతిమను ఎదుట నిలుపుకొని చేసే ధ్యానప్రార్థన కథోలిక, ఆర్థడాక్స్ సంప్రదాయాలకు చెందినదనీ, ప్రొటెస్టెంటు ప్రార్థనలో రూపానికి తావు లేదనీ భావించడం పరిపాటి. బాప్టిస్టు ఉద్యమం బలంగా వేళ్లూనిన పొదిలి - ఒంగోలు ప్రాంతాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ విభజనను పరిశీలిస్తుంది. ఇక్కడి క్రైస్తవ ధ్యానంలో రూపం అదృశ్యం కాలేదనీ, గోడ మీది నుంచి కీర్తనలోకి, మూసిన కంటిలోకి దాని స్థానం మారిందనీ ప్రతిపాదిస్తుంది. ఈ మార్పును వివరించడానికి విగ్రహారాధన చర్చ కన్నా భారతీయ అలంకారశాస్త్రంలోని 'భావికం' తగిన పరికరమని నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ధ్యానప్రార్థన, విగ్రహం, స్వరూపం, భావికాలంకారం, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, సన్నిధి, సాల్మన్ రాజ్.

1. ప్రవేశిక:

ఒంగోలుకు పశ్చిమాన ఉన్న పొదిలి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. పొగాకు, మిరప, పత్తి పండే ఈ సీమ క్రైస్తవ చరిత్రలో అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌కు ప్రధాన క్షేత్రం. 1866లో ఒంగోలు చేరిన జాన్ ఇ. క్లౌ నాయకత్వంలో ఆ మిషన్ ఇక్కడ విస్తరించింది. 1876-78 నాటి కరవు తరువాత, 1878 జులై 3న గుండ్లకమ్మ నది వద్ద వెలుంపిల్లిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందడం మిషన్ చరిత్రల్లో పదేపదే కనిపించే ఘట్టం. వారిలో అత్యధికులు మాదిగలు.

ఈ సంప్రదాయపు ప్రార్థనామందిరంలో పూజాప్రతిమ ఉండదు. ఉంటే వాక్యం రాసిన పలక, వట్టి సిలువ. ఈ బోసిగోడను చూసి ఇక్కడి ప్రార్థనలో రూపభావన లేదనుకోవడం తేలిక. సాహిత్య విమర్శ కూడా క్రైస్తవ కీర్తనలను మతప్రచార సాహిత్యంగానో, వేదాంత ప్రతిపాదనలుగానో చదివి ఊరుకోవడానికి ఈ అభిప్రాయమే ఒక కారణం. దీనివల్ల రెండు నష్టాలు కలిగాయి. కీర్తన ఒక ధ్యానసాధనమన్న విషయం మరుగునపడింది. ఆ సాధనను తమ వెంట తెచ్చుకున్న దళిత సాధకుల జ్ఞానం మిషనరీల ఖాతాలో చేరిపోయింది.

2. విగ్రహం, స్వరూపం - అనువాదం వేసిన గీత:

సమస్య మొదట భాషలో ఉంది. కొత్త నిబంధన గ్రీకు మూలంలో 'ఐకోన్' అనే ఒకే పదం పలుచోట్ల వస్తుంది. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు దానిని సందర్భాన్ని బట్టి విడగొట్టింది. కొలొస్సయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో క్రీస్తును చెప్పేటప్పుడు అది 'స్వరూపి' అయింది. మత్తయి సువార్త 22వ అధ్యాయంలో నాణెం మీది కైసరు ముఖాన్ని చెప్పేటప్పుడు 'రూపము' అయింది. రోమీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో మనుషులు చేసుకున్న ఆకారాల ప్రసక్తిలో 'ప్రతిమాస్వరూపము' అయింది. నిర్గమకాండం 20వ అధ్యాయంలోని నిషేధంలో మాత్రం 'విగ్రహము' అనే మాట స్థిరపడింది.

ఈ ఎంపికలు వేటికవి సమంజసమైనవే. వాటి మొత్తం ఫలితం మాత్రం గమనించదగినది. క్రీస్తు దేవునికి 'ఐకోన్' గనుక క్రీస్తుకు 'ఐకోన్' గీయవచ్చునన్నది, 787లో జరిగిన రెండవ నికేయా సభ సమర్థించిన ప్రతిమావాదానికి ఆధారభూతమైన ఆలోచనల్లో ఒకటి. ప్రతిమకు చెల్లే గౌరవం మూలవ్యక్తికి చేరుతుందని ఆ సభ అంగీకరించింది. దేవునికి మాత్రమే చెల్లే ఆరాధనను దాని నుంచి వేరుచేసింది. గ్రీకు పాఠకునికి ఈ వాదం ఒకే పదం మీద నడుస్తుంది. తెలుగు పాఠకునికి స్వరూపం ఒక ఒడ్డున, విగ్రహం మరో ఒడ్డున ఉన్నాయి. నడుమ నిలిచే మాట లేదు. అందువల్ల తెలుగులో ప్రతిమ ముందు ప్రార్థన అనగానే చర్చ నేరుగా విగ్రహారాధన దగ్గరకు వెళ్తుంది.

అయితే తెలుగు పండితులకు 'విగ్రహం' మరో అర్థంలోనూ నిత్యపరిచితం. సమాసాన్ని విడదీసి అందులో దాగిన సంబంధాన్ని వెల్లడించే వాక్యం విగ్రహవాక్యం. అది సమాసానికి ప్రత్యామ్నాయం కాదు. దాని అర్థాన్ని చూపి పక్కకు తప్పుకుంటుంది. ధ్యానప్రతిమ పని కూడా ఇదే. సువార్తలో ఒక్క వాక్యంగా ముడుచుకొని ఉన్న సంఘటనను అది కంటికి విప్పి చూపుతుంది. చూపు దాని మీద ఆగిపోతే అది విగ్రహారాధన. దాని గుండా సాగితే ధ్యానం.

3. ప్రతిమ ఎదుట: స్థలం, రహస్యం, భావికం:

తెలుగు కథోలికుల ఆచారంలో ఈ ధ్యానానికి స్పష్టమైన రూపాలున్నాయి. విజయవాడ గుణదలలో 1924లో ఫాదర్ అర్లాటి నెలకొల్పిన మరియమాత స్వరూపం ఎదుట ఏటా ఫిబ్రవరిలో జరిగే ఉత్సవం అందరికీ తెలిసినదే. విమర్శకు దానికన్నా ముఖ్యమైనవి రెండు నిశ్శబ్ద సాధనలు: జపమాల, సిలువమార్గం. జపమాలలో పెదవి ఒకే ప్రార్థనను వల్లిస్తుండగా మనసు క్రీస్తు జీవిత ఘట్టాలను దర్శించాలి. ఆ ఘట్టాలను తెలుగులో 'దేవ రహస్యాలు' అంటారు. సిలువమార్గంలో పద్నాలుగు చిత్రాల ముందు ఆగుతూ నడవాలి. ఒక్కొక్కదానినీ 'స్థలము' అంటారు. గోడ మీది పటాన్ని స్థలమనడంలోనే సాధనలోని కిటుకు ఉంది. భక్తుడు పటాన్ని చూడడం లేదు. ఒక చోటికి చేరుకుంటున్నాడు. 1548లో అచ్చయిన ఇగ్నేషియస్ లొయోలా ఆధ్యాత్మిక సాధనల గ్రంథం కూడా ధ్యానానికి ముందు ఆ ఘట్టం జరిగిన చోటును మనసులో కట్టుకోమంటుంది.

అలంకారశాస్త్రంలో దీనికి సన్నిహితమైన భావన భావికం. గడచినవాటినీ రానున్నవాటినీ కళ్లెదుట ఉన్నట్లు నిలపడం భావికమని మమ్మటుడు నిర్వచించాడు. దండి దానిని విడి అలంకారంగా కాక ప్రబంధం మొత్తానికి చెందిన గుణంగా చెప్పాడు. దండి అభిప్రాయం ఇక్కడ మరింత ఉపయోగకరం. ధ్యానంలో ప్రత్యక్షత ఒక్క ఉపమతోనో ఉత్ప్రేక్షతోనో కలగదు. ఆవృత్తి, విరామం, సంబోధన, క్రమం అన్నీ కలిసి దానిని సాధిస్తాయి. 18వ శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనం'లో క్రీస్తు కథను ప్రబంధరీతికి తేవడం నుంచి, జాషువ 'క్రీస్తు చరిత్ర' (1958) వరకు, తెలుగు పద్యానికి ఈ గుణంతో పరిచయం ఉంది. పొదిలికి ఉత్తరాన ఉన్న వినుకొండలో పుట్టిన జాషువకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన కావ్యం అది.

4. బోసిగోడకు రెండు వంశాలు:

పొదిలి సీమలో ప్రతిమ లేని ప్రార్థన అమెరికా నుంచి వచ్చిన ప్రొటెస్టెంటు నియమం మాత్రమేనా? ఎమ్మా రోషెన్‌బుష్ క్లౌ రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' (1899) ఇచ్చే సాక్ష్యం వేరు. ఒంగోలు మిషన్‌కు తొలి మూలపురుషుడైన యర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడు నివాసి, తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. 1866లో బాప్తిస్మం పొందడానికి చాలా ముందే ఆయన రాజయోగ సాధకుడు. వీరమ్మ అనే స్త్రీ గురువు వద్ద ఉపదేశం పొందాడు. ఇతరులకు బోధించాడు కూడా. ఆ సాధనలో దేవుడు రాతిలో లేడు, లోచూపుకు అందేవాడు.

ఈ ప్రాంతంలో అటువంటి బోధకు వీరబ్రహ్మం సంప్రదాయం నేపథ్యంగా ఉంది. మాదిగ కక్కయ్య కథ ఆ సంప్రదాయంలో ప్రసిద్ధం. శరీరంలోని చక్రాల్లో దేవతలు కొలువున్నారని విన్న కక్కయ్య, వారిని చూడాలని భార్య దేహాన్నే చీల్చి వెతుకుతాడు. ఏమీ కనబడక గురువును నిలదీస్తాడు. వీరబ్రహ్మం ఆమెను బ్రతికించి, చూడవలసిన తీరు వేరని బోధిస్తాడు. కథ భయంకరమైనది, అందులో మూల్యం చెల్లించిన దేహం స్త్రీదన్న సంగతి కూడా మరువరాదు. ధ్యానప్రార్థనకు ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు మాత్రం అందులో తేటగా ఉంది. రూపాన్ని వాచ్యార్థంలో వెతికినవాడికి మాంసమే దొరుకుతుంది. అలాగని రూపం గురించిన మాట అబద్ధం కాదు.

కనుక పేరయ్య వంటివారు బాప్టిస్టు బోధను విన్నప్పుడు ప్రతిమ లేకపోవడం వారికి లోటుగా తోచనవసరం లేదు. కళ్లు మూసుకొని కూర్చోవడం వారికి ముందే తెలుసు. కొత్తగా వచ్చింది ఒక ముఖం, ఒక కథ, గాయపడిన ఒక దేహం. గుడిలోకి ప్రవేశం లేని కులానికి ప్రతిమ ఎదుట నిలబడే దర్శనం అప్పటికే నిషిద్ధం. ఆ నిషేధానికి లోచూపు ఒక జవాబు. బోసిగోడకు సంస్కరణోద్యమం ఒక తండ్రి అయితే, ఈ సాధన మరో తండ్రి.

5. కీర్తనలో రూపం:

ఆ ముఖాన్ని చూపే పని కీర్తనకు దక్కింది. లూథరన్, బాప్టిస్టు తదితర సంఘాలు సమానంగా వాడే 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనంలో పురుషోత్తమ చౌదరి (1803-1890) రచనలకు విశిష్ట స్థానం ఉంది. రాగతాళ నిర్దేశాలతో, పల్లవి, అనుపల్లవి, చరణాల విభాగంతో సాగే ఈ కీర్తనలు కర్ణాటక సంగీత ఫణితిని స్వీకరించాయి.

సిలువ శ్రమల కీర్తనలను ధ్యానసాధనాలుగా చదివితే మూడు లక్షణాలు కనబడతాయి. మొదటిది, దర్శనార్థక క్రియలు. చూడమని తోటివారిని పిలవడంతో ఘట్టం వర్తమానంలోకి వస్తుంది. రెండవది, అంగాంగ వర్ణన. ముళ్లు గుచ్చుకున్న తల, మేకులు దిగిన చేతులు, పొడిచిన ప్రక్క - ఇలా చూపు ఒక్కో గాయం దగ్గర ఆగుతుంది. ప్రబంధ నాయికకూ, దేవతాస్తుతులకూ వాడిన కేశాదిపాదాంత వర్ణన ఇక్కడ గాయాల క్రమంగా మారింది. మూడవది, పల్లవి. చరణం ఎంత దూరం పోయినా పల్లవి దగ్గరకు తిరిగి రావాలి. ప్రతిమను ధ్యానించేవాడి చూపు అంచులన్నీ తిరిగి మళ్లీ ముఖం మీద నిలవడం వంటిదే ఇది. మార్టిన్ లూథర్ 1525లో ప్రతిమాధ్వంసకులకు ఇచ్చిన సమాధానంలో, క్రీస్తు మాట వినగానే సిలువ మీద వేలాడే మనిషి రూపం హృదయంలో ఏర్పడుతుందనీ, హృదయంలో తప్పు కానిది కంటి ముందు ఎలా తప్పవుతుందనీ ప్రశ్నించాడు. కీర్తన ఆ హృదయచిత్రాన్ని సంఘం మొత్తానికి ఒకే లయలో గీసి ఇస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపానికి చోటుంది. పాటలోని వర్ణనను ప్రతిమ అనడం లక్షణార్థంలోనే గదా? కొంతవరకు నిజమే. గీసిన ప్రతిమ మౌనంగా ఉంటుంది. చూసేవాడి కోసం వేచి ఉంటుంది. అతని ఇష్టానికి మారదు. పాట ముగిసిన తరువాత రూపం పాడినవాడి స్మృతికే పరిమితం. చదువు రానివారికి ఈ రెండో గుణం బలమైంది. మిరప తోటలో వంగి కాయ కోసే చేతులకు పటం పట్టుకునే వీలు లేదు. పల్లవి మాత్రం వెంట వస్తుంది. అయినా మౌనం వల్ల కలిగే ప్రయోజనాన్ని కీర్తన పూర్తిగా ఇవ్వలేదు. ఆ లోటు తీర్చే యత్నాలు రెండు ప్రొటెస్టెంటు పరిధిలోనే జరిగాయి.

6. సన్నిధి, బాటిక్:

మొదటిది బైబిలు మిషను. లూథరన్ సంఘంలో పనిచేసిన ఎం. దేవదాసు 1938లో దీనిని ప్రారంభించారు. మాటలు మాని, కనిపెట్టుకొని, దైవప్రత్యక్షత కోసం కూర్చోవడం అందులో ముఖ్యమైన సాధన. దాని పేరు 'సన్నిధి'. గర్భగుడి ఎదుటి చోటును చెప్పే మాట ఇక్కడ ప్రతిమ లేని చోటుకు పేరైంది. ఆ సంఘ సంప్రదాయం ప్రకారం దేవదాసుకు 1938 జనవరి 31న కనిపించినది వ్యక్తి రూపం కాదు, మిషను పేరును తెలిపే వెలుగు అక్షరాలు. వాక్యమే రూపంగా కనబడిన ఈ దర్శనం ముందు, వాక్యమా ప్రతిమా అన్న విభజన నిలవదు.

ఈ మిషను మీద బర్మింగ్‌హామ్‌లో పరిశోధన చేసి, 1986లో గ్రంథంగా వెలువరించిన పి. సాల్మన్ రాజ్ (1921-2019) రెండవ యత్నానికి కర్త. విజయవాడ కేంద్రంగా పనిచేసిన ఈ లూథరన్ పాదిరి బాటిక్‌లోనూ, చెక్క అచ్చులోనూ సువార్త ఘట్టాలను చిత్రించారు. చిత్రాల పక్కన ధ్యానవాక్యాలు ఉంచి ఆంగ్లంలో పుస్తకాలు ప్రచురించారు. బాటిక్‌లో మైనం అద్దిన చోటుకు రంగు ఎక్కదు. వెలుగు ముందే కాపాడబడి, చీకటి తరువాత చేరుతుంది. మైనం బీటలు వారిన చోట రంగు సన్నని గీతలుగా దిగుతుంది. శ్రమపడే దేహాన్ని చిత్రించడానికి ఈ మాధ్యమం తగినది. ఆయన పద్ధతిలో చిత్రానికి వ్యాఖ్యానం అధికారి కాదు, తోడు మాత్రమే. చదువరి చిత్రం నుంచి వాక్యానికి, వాక్యం నుంచి చిత్రానికి తిరుగుతాడు - పల్లవికీ చరణానికీ మధ్య తిరిగినట్లే. ఆయన కృషిని చిత్రకళగా, దైవశాస్త్రంగా పరిశీలించేవారు ఈ పఠనరీతిని తెలుగు కీర్తన నిర్మాణంతో పోల్చి చూడడం అవసరం.

7. ముగింపు:

పొదిలి సీమ బాప్టిస్టు సంఘాలు ఈ వ్యాసంలో వాడిన 'ప్రతిమ' అనే మాటను తమ ప్రార్థనకు అంగీకరించకపోవచ్చు. వారి అభ్యంతరం గౌరవించదగినదే. గుడి గుమ్మం బయట నిలబెట్టబడిన అనుభవం కూడా దాని వెనుక ఉంది. విమర్శ చేయవలసింది ఆ అభ్యంతరాన్ని తొలగించడం కాదు, వారి కీర్తన చేసే పనిని దాని సొంత పేరుతో గుర్తించడం. 'భావికం' అందుకు ఉపకరిస్తుంది. గోడ మీది పటానికీ, మూసిన కంటికీ, పాడే గొంతుకూ సమానంగా వర్తిస్తుంది.

ఈ పరిశీలన నుంచి కీర్తన పాఠాల అధ్యయనానికి రెండు కర్తవ్యాలు ఏర్పడతాయి: రచయిత సిద్ధాంతాన్ని వెతకడంతో పాటు పాట చూపును ఎక్కడ ఆపుతున్నదో, ఎన్నిసార్లు వెనక్కు తెస్తున్నదో లెక్కించడం, పేరయ్యకు యోగం నేర్పిన వీరమ్మ వంటివారిని ఈ సాహిత్యపు పూర్వరంగంలో నిలపడం. మిషన్ చరిత్రలో ఆమె ఒక ప్రస్తావన. ధ్యానచరిత్రలో మాత్రం, కళ్లు మూసుకొని చూడడం ఈ సీమకు నేర్పిన గురువుల్లో ఆమె ఒకరు.