ఆవాహనము, ఉద్వాసనము: దివంగత నటుల ప్రతిరూపసృష్టిని గూర్చి

కోనసీమలో గౌతమీ గోదావరి యొడ్డున ముక్తేశ్వరమను గ్రామము కలదు. అచ్చట వెలసిన స్వామికి క్షణముక్తేశ్వరుడని పేరు. రేవున పంటెక్కినచో ఆవలి గట్టు కోటిపల్లి. పితృకార్యములకై జనులు ఈ తీరమునకు వచ్చుచుందురు. ఒకనాటి యుదయమున మేము పంటుకై వేచియుండి, గట్టున జరుగుచున్న యొక పిండప్రదానమును చూచితిమి. కర్త తన పెద్దలను గోత్రనామములతో పిలిచెను, కూర్చుండ నాసనమిచ్చెను, పిండములు పెట్టెను, తుదకు వారిని స్వస్థానమునకు పొమ్మని వేడుకొని, పిండములను నీట విడిచెను. పిలుచుట యెంత శ్రద్ధతో జరిగెనో సాగనంపుటయు నంత శ్రద్ధతోనే జరిగినది. ఆ దృశ్యము మా తరగతిలో కొంతకాలముగా నడచుచున్న యొక వాదమును జ్ఞప్తికి తెచ్చినది. చనిపోయిన నటుని యంత్రసహాయమున మరల తెరపైకి రప్పించి, అతడెన్నడు నటింపని పాత్రను నటించినట్లు చూపుట న్యాయమా యనునదే యా వాదము. ఈ వ్యాసము దానికి మేము చెప్పుకొన్న సమాధానము.

ముందుగా వస్తుస్థితిని చెప్పవలెను. ఈ ప్రతిరూపసృష్టి సాధారణముగ రెండు విధములుగా జరుగుచున్నది. మొదటిదానిలో, బ్రతికియున్న యొక నటుడు ఆ పాత్రను నటించును. అతని ముఖముపై చనిపోయినవాని ముఖమును గ్రాఫిక్స్ నిపుణులు నిర్మింతురు. రెండవది కృత్రిమ మేధకు సంబంధించినది. పూర్వచిత్రములలోని ముఖకవళికలను, పూర్వగీతములలోని స్వరమును యంత్రమునకు నేర్పి, వానినుండి క్రొత్త ముఖమును, క్రొత్త పలుకును పుట్టింతురు. 1994లో మరణించిన పీటర్ కుషింగను ఆంగ్లనటుడు 2016 నాటి ‘రోగ్ వన్’ చిత్రమున మొదటి విధముగ కనబడెను. అడుగున నటించినవాడు గయ్ హెన్రీ. ప్రేక్షకులలో ఈ రెండవ పేరు నెరిగినవారు కొలదిమంది మాత్రమే.

తెలుగువారికి ఈ విషయము క్రొత్తది కాదు. 2007లో రాజమౌళి దర్శకత్వమున వచ్చిన ‘యమదొంగ’లో, 1996లో దివంగతులైన నందమూరి తారక రామారావుగారి రూపమును గ్రాఫిక్స్ మూలమున మనుమని సరసన చూపిరి. అది కొలది నిమిషముల ముచ్చట. తాతగారు లేరని చూచువారందరికి తెలియును. మనుమడు తాతకు పెట్టిన నమస్కారమని యెల్లరు గ్రహించిరి. దానిపై మాకు పెద్ద ఆక్షేపణ లేదు.

2016 నాటి కన్నడ చిత్రము ‘నాగరహావు’ సంగతి వేరు. దాని దర్శకుడు పాలకొల్లువాడైన కోడి రామకృష్ణ. ‘అమ్మోరు’ (1995), ‘అరుంధతి’ (2009) చిత్రములతో గ్రాఫిక్స్‌ను తెలుగు తెరకు అలవాటు చేసినవారిలో ఆయన ముఖ్యుడు. కన్నడ నటుడు విష్ణువర్ధన్ 2009 డిసెంబరు 30న మరణించెను. ఏడేండ్ల పిమ్మట ఆయన రూపము ఈ చిత్రమున కథలో పాత్రయై వచ్చినది. ‘నాగభరణం’ అను పేర తెలుగునకును చేరినది. ఇందొక విశేషము కలదు. విష్ణువర్ధన్‌ను నాయకునిగా నిలబెట్టినది పుట్టణ్ణ కణగాల్ తీసిన 1972 నాటి ‘నాగరహావు’. ఆ పేరునే క్రొత్త చిత్రమునకు పెట్టిరి. మొదటి చిత్రములోని రామాచారి పాత్రకు కీర్తి యొక యువకుని శ్రమ వలన కలిగినది. రెండవదానిలోని రూపమునకు ఆ కీర్తి పెట్టుబడియైనది. ఆ శ్రమ మాత్రము లేదు.

ఇక స్వరము మాట. 2020 సెప్టెంబరు 25న కీర్తిశేషులైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి గొంతును 2023లో విడుదలయిన ‘కీడా కోలా’ చిత్రమున కృత్రిమ మేధతో సృష్టించి వాడిరని, తమ యనుమతి లేదని, కుమారుడు చరణ్ 2024లో చిత్రనిర్మాతలకును సంగీతదర్శకునికిని న్యాయవాది ద్వారా నోటీసు పంపిరి. ఆ యేడాదియే ‘లాల్ సలాం’ అను తమిళ చిత్రములో ఎ.ఆర్. రహమాన్ దివంగత గాయకులు బంబా బాక్య, షాహుల్ హమీదుల స్వరములను అట్లే సృష్టించి పాట కూర్చెను. కుటుంబముల యనుమతి పొంది ప్రతిఫలమిచ్చితిమని ప్రకటించెను. ఈ రెంటికిని గల భేదము గొప్పదే. కాని అనుమతియొక్కటితో సమస్య తీరునా యని మేము సందేహించుచున్నాము. ఏలన, బాలసుబ్రహ్మణ్యంగారు జీవితకాలమున తమ గొంతును పరుల కిచ్చినవారే. కమల్ హాసన్‌కు తెలుగున ఎన్నో చిత్రములలో మాట చెప్పినారు. ఇచ్చుటయో మానుటయో నిర్ణయించినవారు తామే, ఊపిరి తమదే. ఆ రెండును లేనిచో మిగులునది గొంతుక పోలిక మాత్రము.

మన అలంకారశాస్త్రము ఈ చిక్కును విప్పుటకు కొంత తోడ్పడును. శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయమును చెప్పినాడు. గోడపై గీచిన గుఱ్ఱమును చూచినవాడు దానిని గుఱ్ఱమనియే అనును; కాని యెక్కి సవారి చేయబోడు. రాముని వేషమున నున్న నటుని చూచునప్పటి జ్ఞానమట్టిది. అది నిజమనియు అబద్ధమనియు సందేహమనియు సాదృశ్యమనియు చెప్పరానిది. భట్టతౌతుడు, అభినవగుప్తుడు ఈ అనుకరణవాదమును ఖండించిరి. అయినను ఒక యంశమున అందరికిని ఏకాభిప్రాయమే: రంగముపై నటుడనువాడొకడు కలడు. సందేహమున్నచో పాత్రను గూర్చియే. నటుని గూర్చి కాదు.

దివంగతుని ప్రతిరూపము ఈ పునాదినే కదల్చుచున్నది. పాత్ర కల్పితమని తెలిసియే ప్రేక్షకుడు వచ్చును. కాని యిచ్చట ‘ఫలానావాడు నటించెను’ అను వాక్యమే కల్పితమైనది. మా శాఖవారికి అలవాటైన భాషలో చెప్పవలెనన్న, ‘నటించెను’ అను క్రియకు కర్త యెవరు? తెరపై పేరున్నవాడు కాలేడు, అతడు లేడు. అడుగున నటించినవాడు కర్తయైనను అతని పేరు మరుగుపడినది. దర్శకుడును సాంకేతికులును చేయించినవారు, చేసినవారు కారు. భరతుడు అభినయమును నాలుగు తెరగులుగా విభజించెను. ఆంగికమును, వాచికమును, ఆహార్యమును యంత్రము పోల్చి చూపగలదు. సాత్త్వికమునకు గుర్తులైన కన్నీరు, గగుర్పాటులను గూడ చూపగలదని ఒప్పుకొందము. కాని సత్త్వము మనస్సునుండి పుట్టునదని భరతుడే చెప్పినాడు. ఏకాగ్రమైన మనస్సు లేనిచోట కన్నీరు నీరే.

దీనికి ఒక ప్రత్యుత్తరము కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. చనిపోయినవారిని రంగముపై చూపుట మనకెప్పటినుండియో ఉన్నదే గదా? తోలుబొమ్మలాటలో రాముడు తోలు, పలుకు బొమ్మలాడించువానిది. ‘మహానటి’లో (2018) సావిత్రిని కీర్తి సురేష్ నటించినది, దానిని ఎవరును తప్పుపట్టలేదు. నిజమే. కాని బొమ్మలాటలో తెరవెనుక మనిషియున్నాడని పిల్లవానికిని తెలియును. ‘మహానటి’లో సావిత్రిని వేరొక నటి తన కష్టముతో అర్థము చేసికొని మనకు చెప్పినది. ఆమె చెప్పినదానిలో లోపమున్నచో ఆమెను అడుగవచ్చును. సావిత్రి ముఖమునే యంత్రము తెచ్చి క్రొత్త మాటలు పలికించినచో, ఆ లోపము సావిత్రికే అంటును. సమాధానము చెప్పుకొనుటకు ఆమె రాలేదు.

వారసుల యనుమతి సంగతిని విచారింతము. వారసులకు ఆస్తి వచ్చును, అభిరుచి రాదు. నటుడు ఒప్పుకొన్న పాత్రల వలె, వలదన్న పాత్రలును అతని కళలో భాగములే. ఇందుకు అక్కినేని నాగేశ్వరరావుగారి కడపటి చిత్రము ‘మనం’ ఉదాహరణము. 2014 జనవరి 22న ఆయన కన్నుమూసిరి. చిత్రము మే 23న విడుదలయినది. వ్యాధి ముదిరిన స్థితిలోను తన పాత్రకు వేరొకరు మాట చెప్పుటకు ఇష్టపడక, తామే చెప్పి ముగించిరి. కొడుకులు, మనుమలు పరిశ్రమలోనే యున్నవారు. గొంతును అనుకరింపగలవారు దొరకరని కాదు. తన పలుకు తనదే కావలెనని ఆ వృద్ధనటుడు కోరుట చూచినపుడు, ఈ హక్కు ఎంత వ్యక్తిగతమైనదో తెలియుచున్నది.

న్యాయస్థానములు ఈ హక్కును మరణముతో ముగియునదిగా చూచుచున్నవి. నటుడు సుశాంత్ సింగ్ రాజపుత్ తండ్రి వేసిన వ్యాజ్యమున, కీర్తిప్రతిష్ఠలకు సంబంధించిన అట్టి హక్కులు ఆయనతోనే అంతరించినవని 2023లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము మరణానంతరము 70 ఏండ్లవరకు రూపస్వరములపై హక్కునిచ్చుచున్నది. 2024లో యంత్రప్రతిరూపములను గూర్చి ప్రత్యేకముగా శాసనము చేసినది. హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ 2014లో మరణించుటకు ముందే, 25 ఏండ్లపాటు తన రూపమును వాడరాదని పత్రము వ్రాసియుంచెను. ఈ కడపటి మార్గమే మాకు మిక్కిలి నచ్చినది. తన మాట తానే చెప్పిపోయినవాని యిష్టమును వారసులు ఊహింప నక్కరలేదు.

చలనచిత్రముల హద్దును దాటినచో ప్రమాదము పెరుగును. 2024లో కరుణానిధిగారి ప్రతిరూపము తమిళనాట సభలో మాటలాడినది. 2025 మే నెలలో కడప మహానాడులో రామారావుగారి ప్రతిరూపము ప్రసంగించినది. వీరిరువురు చలనచిత్రములతోను రాజకీయములతోను సంబంధము గలవారే. పక్షమేదైనను మా ప్రశ్న ఒకటే. పోయినవారి పాత మాటలను వినిపించుట స్మరణము. వారెరుగని నేటి విషయములపై వారి నోట అభిప్రాయము పలికించుటను ఏమనవలెను?

తెలుగు పరిశోధకులకు దీనికి తగిన పేరు తెలియును. అది ప్రక్షిప్తము. వేమన మకుటము తగిలించి ఎందరో పద్యములు కట్టిరి. శ్రీనాథుని పేర చాటువులెన్నో వెలసినవి. వానిలో మంచివియు లేకపోలేదు. అయినను కవి హృదయమును తెలిసికొనగోరువాడు వానిని ఏరుటకే సగము ఆయుస్సును వెచ్చింపవలసివచ్చినది. ఏబదియేండ్ల పిమ్మట ఒక నటుని కళను గూర్చి వ్రాయబూనిన విద్యార్థి, ఏది అతడు చేసినది, ఏది అతనిచే చేయింపబడినది యని తేల్చుకొనలేకపోయినచో, ఆ నష్టము ఆ నటునికే కాదు. మన సాహిత్య చరిత్రవలెనే మన నటనాచరిత్రకును కలుగును.

ఇట్లని ప్రతిరూపములన్నియు నిషిద్ధములని మా మతము కాదు. ఆంధ్ర మహాభారతమున ఆశ్రమవాస పర్వములో వ్యాసుడు యుద్ధమున మడిసినవారిని గంగాజలమునుండి రప్పించును. కొడుకులను చూడగోరిన గాంధారి, కర్ణుని చూడగోరిన కుంతి యచ్చటనున్నారు. పోయినవారు పగలు మరచి తమవారితో ఒక రాత్రి గడపి, తెల్లవారునప్పటికి మరలిపోవుదురు. ఇందు మూడు సంగతులు గమనింపదగినవి. దుఃఖితులైన బంధువులు కోరుటచే వారు వచ్చిరి. వచ్చినవారిచే మరల యుద్ధము చేయింపలేదు. వారి రాకకు ఒక రాత్రియని గడువున్నది. ‘యమదొంగ’లోని క్షణకాలదర్శనమును ఒప్పుకొన్న మేము, కథను మోయు పాత్రగా వాడుటను ఒప్పుకొనకపోవుటకు కారణమిదియే.

కావున మేము కోరునవి స్వల్పములు. నటుడు బ్రతికియుండగా, ఏ పాత్రకు, ఎంతవరకు అను వివరముతో స్వయముగ వ్రాసియిచ్చిన యనుమతి ఉండవలెను. చిత్రమునడుమ మరణించినవాని పాత్రను పూర్తిచేయుటకు అతడు ముందొప్పుకొన్న పాత్రయే ప్రమాణము కావలెను. తెరపై కనబడునది ప్రతిరూపమని చిత్రారంభమున తెలుపవలెను. దేహమునో గొంతునో ఎరువిచ్చిన జీవించియున్న కళాకారుని పేరు ప్రకటింపవలెను. పని ముగిసిన పిమ్మట ఆ ప్రతిరూపమును మరొక చిత్రమునకు, మరొక ప్రకటనకు త్రిప్పక విడిచిపెట్టవలెను.

ఈ కడపటిదానిని అమలుచేయుట కష్టమని మాకు తెలియును. యంత్రమున చేరిన రూపము దానంతట అది పోదు. లాభమున్నంతకాలము దానిని పిలుచువారుందురు. నాడు రేవున పంటు వచ్చువరకు మేము ఆ కర్తనే చూచుచుంటిమి. పిండములు మునిగిన తరువాత అతడు మరల వెనుకకు పిలువలేదు. చేతులు కడుగుకొని, గట్టెక్కి, తన పల్లె దారి పట్టినాడు. చలనచిత్రకారులు ఆవాహనమును చక్కగా నేర్చిరి. ఉద్వాసనమును గూడ నేర్చువరకు ఈ విద్యను మేము సంపూర్ణమని ఒప్పుకొనజాలము.