రబ్బరు లేని గీత

మొదటి సెమిస్టర్ మొదటి వారం మాకిచ్చిన పని గీతలు గీయడం. స్కేలు వాడకూడదు, మణికట్టు కాగితానికి ఆనకూడదు. పెద్ద షీటు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డగీతలు, అవయ్యాక నిలువుగీతలు. ఆ తర్వాత నలుపు నుంచి తెలుపు దాకా పది మెట్ల బూడిదరంగు పట్టీ, పోస్టర్ కలర్లతో రంగుల చక్రం. ల్యాప్‌టాప్ తెరిచే పనే లేదు. ఇంటర్లో ఎంపీసీ చదివి, ఇంట్లో పోట్లాడి మరీ డిజైన్లో చేరినదాన్ని. సినిమా పోస్టర్లూ యాప్‌లూ చేయిస్తారనుకున్నాను. అమ్మ ఫోన్ చేసి "ఏం నేర్పుతున్నారే?" అంటే "గీతలు" అని చెప్పడానికి నోరు రాలేదు. నవంబరు వచ్చేసరికి షీట్లు సగం సగం చేసి ఇస్తున్నాను. మళ్లీ ఇంజినీరింగ్‌కు వెళ్లొచ్చా అని రాత్రిళ్లు వెతకడం కూడా మొదలైంది.

రెండో సెమిస్టర్లో చేతిపనుల అధ్యయనం ఉంటుంది. పది రోజులు ఒక ఊళ్లో ఉండి, ఒక పనిని మొదట్నుంచి చివరిదాకా చూసి, అంచె అంచెకూ నమూనా గుడ్డముక్క అంటించి రికార్డు రాయాలి. నా వంతుకు శ్రీకాళహస్తి కలంకారీ వచ్చింది.

నాకు పని చూపించిన అక్క మొదటిరోజే కలం చేతిలో పెట్టింది. వెదురుపుల్ల కొస చెక్కి, కాస్త పైకి ఉన్ని చుట్టి, దారంతో బిగించి కట్టినదే ఆ కలం. ఉన్ని రంగు తాగుతుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే అది కొసకు దిగుతుంది. నేను గట్టిగా నొక్కాను. గుడ్డ మీద గోళీకాయంత మచ్చ పడింది. తుడవబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది. "ఈడ రబ్బరు లేదు పాపా. గీత ముందు నీ చేతికి తెలియాల" అంది. సెమిస్టరంతా మా మాస్టారు చెప్పి చెప్పి విసిగిన మాట అదే. షీటు మీద తలకెక్కనిది గుడ్డ పాడయ్యాక ఎక్కింది.

నిజానికి గీత దాకా రావడానికే రెండు మూడు రోజుల పని ఉంటుంది. కోరా నూలుగుడ్డను ఉతికి గంజి వదిలించాలి. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేయాలి. పాలెందుకని అడిగితే అక్క జవాబు చెప్పలేదు, పాలు పట్టని ముక్క మీద ఒక గీత గీసి చూపించింది. రంగు పోగుల వెంట పాకి, ఆ గీతకు జెర్రికాళ్లు మొలిచాయి. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. కరక్కాయ పని వేరు. దానిలోని వగరు నలుపును పుట్టిస్తుంది.

నలుపు ఇక్కడ డబ్బాలో దొరికే రంగు కాదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ ద్రావకం పేరు కసిమి. చూడ్డానికి పలచటి కషాయంలా ఉంటుంది. కరక్కాయ పట్టించిన గుడ్డను తాకగానే ఇనుమూ వగరూ కలిసి, గీత కళ్లముందే నల్లబడుతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు లీలగా బొమ్మ వేసుకుని, దాని మీద కసిమితో ఖాయం చేస్తారు.

ఎరుపు ఇంకా చిత్రం. ఎర్రగా రావలసిన చోట పూసేది పటిక నీళ్లు, వాటికి రంగే ఉండదు. గుడ్డను పారే నీళ్లలో జాడించి, చిరివేరు, మంజిష్ఠ లాంటి ఎర్రరంగు వేర్లతో కాచిన నీళ్లలో ఉడకబెడతారు. పటిక ఉన్నచోట ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట్ల అంటినది ఉతుకుల్లో, ఎండలో పోతుంది. కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. నేను తిట్టుకుంటూ వేసిన రంగుల చక్రం ఇక్కడ పచ్చిగా, తడిగా కనిపించింది. కళ్లకు కనపడని ఎరుపు ఎక్కడుండాలో ముందే తెలిసి పూయడం డిజైన్ కాకపోతే మరేమిటి?

ఉతికినా పోని ఈ రంగుల కోసమే యూరప్ కోరమాండల్ తీరానికి ఎగబడింది. తమ నేతపనివాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో, మళ్లీ 1721లో ఇలాంటి అద్దకపు బట్టల మీద ఆంక్షలు పెట్టాయి. ఆ గుట్టు తెలుసుకోవాలని 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకం పనివాళ్ల దగ్గర కూర్చుని ప్రతి అంచెనూ రాసుకున్నాడు, అంచె అంచెకూ ఒక గుడ్డముక్క దాచాడు. అంటే నా అసైన్‌మెంట్ దాదాపు మూడువందల ఏళ్ల కిందటే ఒకాయన చేసేశాడన్నమాట.

మా మొదటి సంవత్సరం పాఠాలకూ వంశవృక్షం ఉంది. 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ బడిలో యోహానెస్ ఇట్టెన్ కొత్తవాళ్లకు రంగు, రూపం, పదార్థం ముందుగా చేతికి పట్టించే కోర్సు పెట్టాడు. మన దేశానికి వచ్చి చూసిన డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958 నాటి తమ నివేదికలో ఆదర్శ రూపకల్పనకు ఉదాహరణగా చూపింది మన చెంబునే. ఆ నివేదిక తర్వాత 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1950ల చివర్లో, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ మొదలై, అంతరించిపోతున్న పని నిలబడింది. ఆ తరం నుంచి వచ్చిన జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది.

ఇక ఆసక్తి సంగతి. అది ముందుంటేనే పని సాగుతుందని అనుకునేదాన్ని. నా విషయంలో అది వెనక వచ్చింది. మూడోరోజు గీత కాస్త కుదిరింది. నాలుగోరోజు అక్క కంటే ముందు వెళ్లి వాకిట్లో కూర్చున్నాను. తిరిగొచ్చాక సగంలో వదిలేసిన షీట్లన్నీ పూర్తిచేశాను. మార్కుల గడువు దాటిపోయింది కాబట్టి మార్కులు మాత్రం రాలేదు.

ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్నాను. జూనియర్లు షీట్లు పట్టుకొచ్చి "ఎందుకక్కా ఇదంతా?" అంటే ఆ గోళీకాయంత మచ్చపడ్డ గుడ్డముక్క చూపిస్తాను. రికార్డులో మొదటి పేజీకి అంటించింది అదే.

మీకొక మాట. బజార్లో కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింట్లు కుప్పలుగా ఉన్నాయి. పెడన అచ్చుపని వేరు, అది చెక్క అచ్చులతో చేత్తో అద్దేది, దానికదే గొప్పది. కానీ కలంతో వేసిందని చెప్పి చీర అమ్మితే, కొంగు మీద రెండు పువ్వులు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ గీతకు గీత ఒక్కలాగే ఉంటే అది చేత్తో గీసింది కాదు.