తండ్రి సంకల్పం, కూతురి మాట

మన కథల్లో, నవలల్లో పెద్దల్ని ఎదిరించిన కొడుకులూ కూతుళ్ళూ చాలామందే ఉన్నారు. వాళ్ళకు దన్నుగా నిలిచిన తల్లిదండ్రులు మాత్రం అరుదు. అందుచేతనే గోరా 1951లో ఇంగ్లీషులో ప్రకటించిన ‘యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ’ అనే చిన్న పుస్తకాన్ని దేవుణ్ణి గురించిన వాదంగా కన్నా, ఒక కుటుంబ చరిత్రగా చదవాలని నాకు తోస్తుంది.

మా ఉయ్యూరు దాపున ఉన్న ముదునూరులోనే గోరా, సరస్వతి దంపతులు 1940లో నాస్తిక కేంద్రం నెలకొల్పారు. 1947లో అది విజయవాడ చేరింది. జంధ్యం వద్దన్నందుకు కన్నతండ్రి ఇంటినుంచి పంపివేసిన మనిషి గోరా. నాస్తికుడన్న నేరానికి 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగం కూడా పోయింది. అటువంటివాడు పెద్దకూతురు మనోరమను అర్జునరావు అనే దళిత యువకునికిచ్చి పెళ్ళిచేయ సంకల్పించాడు. సేవాగ్రాంలో జరిపిద్దామన్నాడు గాంధీ. దేవుని పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికీ ఒప్పుకున్నాడు. ఆయన హత్య జరిగాక, 1948లోనే, ఆ పెళ్ళి అక్కడే జరిగింది.

‘ఇచ్చి’ అని రాశాను. కన్యాదానాన్ని తోసిపుచ్చిన వాణ్ణి గురించి రాస్తున్నా నా కలానికి ఆ మాటే వచ్చింది! పుస్తకంలోనూ చిక్కు అదే. మాట్లాడేది ఇద్దరు పురుషులు. మనోరమ గొంతు మనకు దాదాపు వినిపించదు. తరగతిలో ఈ సంగతి చెబితే ఒక విద్యార్థిని, ‘ఆమె వద్దంటేనో, మాస్టారూ?’ అని అడిగింది. ఆ ప్రశ్నకు పుస్తకంలో నాకు జవాబు దొరకలేదు. ఉప్పు సత్యాగ్రహం పేర లవణం, యుద్ధం పేర సమరం: ఆ ఇంటి పిల్లలు తండ్రి రాజకీయాన్ని పేర్లలోనే మోశారు. ఇది స్వేచ్ఛా, మరొక రకం పెత్తనమా?

పూర్తిగా పెత్తనమనలేను. పెత్తనమే అయితే బిడ్డలు విడిపోయేవారు, గోరా తన తండ్రి నుంచి విడిపోయినట్టే. ఇక్కడ అలా జరగలేదు. లవణం 1960లో జాషువా కుమార్తె హేమలతను పెళ్ళాడాడు. తరవాత ఆ ఇద్దరూ స్టువార్టుపురంలో, నేరస్థజాతులని ముద్రపడిన వారి మధ్య, ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ ఇంట్లో తల్లిదండ్రులూ పిల్లలూ సహకార్యకర్తలయ్యారు. గోరాను పొగిడేవారు దీనికంతటికీ ఆయన వ్యక్తిత్వమే కారణమంటారు. నేను మరొకటి కూడా చూస్తాను. ఉద్యోగం వదిలి పల్లెలో కాపురం పెట్టిన తండ్రికి, ‘నా మాట వినకపోతే చిల్లిగవ్వ రాదు’ అని బెదిరించడానికి ఏముంది? మన డెల్టాలో తండ్రి మాటకు బరువు ఎకరాల నుంచి వస్తుంది. ఈనాడు కూతుర్ని అమెరికా చదువుకు సంతోషంగా పంపే ఇంట్లోనే, పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి కులమూ కట్నమూ పొలం కాగితాలతోపాటే బయటికి వస్తాయి.