స్కాన్‌లో ఏమీ లేదంటే...

క్యాన్సర్ వచ్చిన ప్రోస్టేట్ గ్రంథిని ఆపరేషన్ చేసి తీసేశాక, ఆ గ్రంథి తయారుచేసే పీఎస్ఏ అనే ప్రొటీన్ రక్తంలో దాదాపు సున్నాకు రావాలి. కొన్నేళ్లకు అది మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములకు చేరి, మళ్లీ చేయించినా అలాగే ఉంటే జబ్బు తిరగబెట్టినట్టే లెక్క. రేడియేషన్ తీసుకున్నవాళ్లకైతే, దిగిన అతి తక్కువ అంకె మీద 2 పెరగాలి. జబ్బు ఉందని రక్తం పట్టిస్తుంది. అది ఎక్కడుందో వెతకడం స్కాన్లు చదివే మా పని.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో చేతిలో ఉన్నవి బోన్ స్కాన్, సీటీ. పీఎస్ఏ 10 దాటనివాళ్లకు బోన్ స్కాన్‌లో ఏదైనా పట్టుబడటం అరుదు. లింఫ్ గ్రంథి ఉబ్బితే తప్ప సీటీకి అనుమానం రాదు. తర్వాత పెట్ స్కాన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటి కోసం ఒంట్లోకి ఎక్కించే మందుల్లో అమెరికాలో 2012లో కోలీన్‌కు, 2016లో ఫ్లూసిక్లోవిన్‌కు, 2020లో గాలియం పీఎస్ఎంఏకు అనుమతి దొరికింది. మొదటి రెండూ క్యాన్సర్ కణం ఆబగా లోపలికి లాక్కునే పదార్థాలు. మూడోది ఆ కణం పైపొర మీద దట్టంగా ఉండే ఒక ప్రొటీన్‌కు అతుక్కుంటుంది.

"వీటిలో ఏది మంచిది సార్?" అని అడగని కుటుంబం లేదు. లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ డాక్టర్లు ఆపరేషన్ అయ్యి, పీఎస్ఏ 0.2కూ 2కూ మధ్య ఉన్న 50 మందికి ఫ్లూసిక్లోవిన్, పీఎస్ఎంఏ స్కాన్లు రెండూ తీసి చూశారు. ఫ్లూసిక్లోవిన్ 26 శాతం మందిలో జాడ చూపితే, పీఎస్ఎంఏ 56 శాతం మందిలో చూపింది. 2019లో ఈ ఫలితం వచ్చాక నాబోటివాళ్ల మొగ్గు పీఎస్ఎంఏ వైపే.

అలాగని తెర ముందు పని నల్లేరు మీద నడకేం కాదు. గాలియం మందు మూత్రంలోకి దిగుతుంది కాబట్టి మూత్రాశయం నల్లగా ముద్దకట్టి కనిపిస్తుంది. జబ్బు తరచూ తిరగబెట్టేది సరిగ్గా దాని కిందే, కుట్లు వేసిన చోట. అందుకే మూత్రం బాగా వచ్చేలా చేసే లేసిక్స్ మందు ఇచ్చి, మూత్రానికి పంపి, ఆ తర్వాత మిషన్ మీద పడుకోబెడతాం. ఫ్లూసిక్లోవిన్ మూత్రంలోకి పెద్దగా రాదు. ఆ మూల దానికే అనుకూలం. పీఎస్ఎంఏ 1007 అనే రకం ఎక్కువగా లివర్ దారిన పోతుంది. కింద శుభ్రంగా కనిపిస్తుంది గానీ పక్కటెముకల మీద లేనిపోని మచ్చలు చూపిస్తుంది. అలాంటి ఒంటరి మచ్చ కనపడితే వెంటనే రిపోర్టు రాయను. పాత సీటీ తెప్పించుకుంటాను, "ఎప్పుడైనా కింద పడ్డారా?" అని అడుగుతాను. తొందరపడి క్యాన్సర్ అని రాస్తే, నయం చేయగలిగిన జబ్బుకు ముదిరిన జబ్బు వైద్యం మొదలవుతుంది.

అంతకన్నా కష్టం, ఏ మచ్చా లేని స్కాన్ గురించి చెప్పడం. "ఏమీ లేనట్టేగా డాక్టరుగారూ?" అంటాడు పెద్దాయన. "ఇంకొంచెం పెరగనిచ్చి మళ్లీ తీయిద్దామా సార్?" అంటాడు కొడుకు. ఇద్దరికీ కాదనే చెప్పాలి. కాలిఫోర్నియాలో 635 మందిని పరిశీలిస్తే, పీఎస్ఏ 0.5 లోపు ఉన్నవాళ్లలో పీఎస్ఎంఏ స్కాన్‌కు చిక్కింది 38 శాతమే. 5 దాటినవాళ్లలో 97. పెరిగేదాకా ఆగితే స్కాన్‌కు దొరుకుతుంది నిజమే. కానీ ఆపరేషన్ చేసిన చోట ఇచ్చే రేడియేషన్ బాగా పనిచేసేది పీఎస్ఏ తక్కువగా ఉన్నప్పుడే. బొమ్మ కోసం ఆ అదను పోగొట్టుకోకూడదు.

అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ 165 మందితో చేసిన ట్రయల్ నాకు నచ్చుతుంది. ఎన్ని మచ్చలు దొరికాయని కాక, రోగికి ఏం ఒరిగిందని చూసింది. పాత పద్ధతి స్కాన్లతో రేడియేషన్ నిర్ణయించినవాళ్లలో మూడేళ్లకు 63 శాతం మంది జబ్బు మళ్లీ తలెత్తకుండా ఉన్నారు. ఫ్లూసిక్లోవిన్ కూడా చూసి నిర్ణయించినవాళ్లలో 75.5 శాతం. కాబట్టి స్కాన్ రాయించుకునే ముందు డాక్టరును రెండు మాటలు అడగండి: కనిపిస్తే ఏం చేస్తారు, కనిపించకపోతే ఏం చేస్తారు? రెండింటికీ జవాబు ఒకటే అయితే, ముందు ఆ వైద్యం మొదలుపెట్టమనండి.