అడుగు తెలిసిన బాస్

కలమత్యానోస్ అనే గ్రీకు జానపద నృత్యాన్ని చేయీ చేయీ పట్టుకుని వలయంగా ఆడతారు. దాని లెక్క ఏడు: మూడు, రెండు, రెండు. మన మిశ్రచాపు విన్న చెవికి ఇది కొత్త కాదు. జాజ్‌లో డబుల్ బాస్ వాయించేవాళ్లకు మాత్రం చిక్కు తెచ్చిపెడుతుంది. వాళ్ల చేతికి అలవాటైన పని నాలుగు దెబ్బల్నీ సమానంగా, ఆగకుండా మీటుకుంటూ పోవడం. దాన్ని వాకింగ్ బాస్ అంటారు.

ఆ నడకను ఏడులో పెట్టి చూడండి. రెండేసి అక్షరాలకు ఒక స్వరం చొప్పున మీటితే, మొదటి ఆవర్తనంలో బాసూ నృత్యమూ ఎత్తుగడ దగ్గర మాత్రమే కలుస్తాయి. రెండో ఆవర్తనం ఎత్తుగడలో బాస్ స్వరం పడదు, ఒక అక్షరం ఆలస్యంగా వస్తుంది. ఆ తర్వాతి రెండు దెబ్బల మీద మళ్లీ అడుగు కలుస్తుంది. పద్నాలుగు అక్షరాలు పూర్తయ్యాక రెండూ కలిసి సమానికి చేరతాయి. ఎక్కడ విడిపోవాలో, ఎక్కడ కలవాలో ఎంచుకునేది బాసిస్టే. గ్రీకు జానపదం జాజ్‌తో నిజంగా కలిసేది అతని చేతుల్లోనే అని నా నమ్మకం. పల్లె పాట బాణీని శాక్సోఫోన్‌కి ఎవరైనా ఇవ్వవచ్చు. నృత్యం బరువును నిలబెట్టడమే కష్టం.

ఆ కష్టానికి పూనుకున్న బాసిస్టుల్లో పెట్రోస్ క్లంపానిస్ ఒకడు. అతను పెరిగింది జాకింథోస్ అనే గ్రీకు దీవిలో. 1797 దాకా వెనిస్ పాలనలో ఉన్న ఆ దీవిలో గిటారూ మాండలిన్‌ల తోడుగా పలువురు గొంతులు కలిపి పాడే కంతాదా పాటలు నేటికీ ఉన్నాయి. క్లంపానిస్ ఆమ్‌స్టర్‌డామ్‌లో, న్యూయార్క్‌లో జాజ్ చదువుకున్నాడు. ఎస్తోనియా పియానిస్టు క్రిస్ట్యాన్ రాందలు, తాళవాద్యకారుడు బోదెక్ యాంకెలతో 2019లో 'ఇర్రేషనాలిటీస్' ఆల్బం చేశాడు. 2023 నాటి 'తోరా కలెక్టివ్'లో గ్రీకు జానపద గీతాలనే నేరుగా చేపట్టాడు.

కొంత వెనక్కి వెళితే ఈ పని విలువ తెలుస్తుంది. 1959లో జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ 'బ్లూ రోండో ఆ లా తుర్క్' వెలువడింది. ఇస్తాంబుల్ వీధుల్లో విన్న తొమ్మిది లెక్క, అంటే రెండు, రెండు, రెండు, మూడు, దానికి ఆధారం. గ్రీకులు కర్సిలమాస్ ఆడేదీ ఈ లెక్కలోనే. గొప్ప రచనే, కానీ సోలోలు మొదలవగానే తొమ్మిది పక్కకు తప్పుకుని నాలుగు వచ్చేస్తుంది. ఈ తరం వాద్యకారులు ఆ గడప దాటారు. ఏడులోనో తొమ్మిదిలోనో ఉండగానే మనోధర్మం సాగిస్తున్నారు.

స్వరాల సంగతి ఇంకా సున్నితం. గ్రీకు జానపదంలో బాగా వినబడే హిజాజ్ వరస దాదాపు మన మాయామాళవగౌళ పూర్వాంగమే. క్లారినెట్, ఊద్ అనే తంత్రీవాద్యం వాయించేవాళ్లు అందులో పియానో మెట్ల మధ్య పడే స్వరాలనూ పలికిస్తారు. పియానోకి ఆ వీలు లేదు. డబుల్ బాస్‌కి మెట్లు లేవు కాబట్టి వేలు జరిపితే చాలు, ఆ స్వరం దొరుకుతుంది. గ్రీసులోని ఎపిరస్ ప్రాంతపు బహుగళ గానంలో కొందరు ఒకే స్వరాన్ని చివరిదాకా పట్టి ఉంచుతారు, మిగతావాళ్లు దానిమీద పాడతారు. బాసిస్టు కమాను తీసుకుంటే ఆ పట్టు స్వరాన్నీ ఇవ్వగలడు.

జాజ్ శిక్షణ మాత్రం వెంటవెంటనే కొత్త కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) వెయ్యమని తొందరపెడుతుంది. హిజాజ్ కింద కార్డులు గుట్టగా పోస్తే దాని వాడి పోతుంది. అలాంటి చోట ఒక్క స్వరం మీదే ఆగి, పైనున్న క్లారినెట్‌కి దారి వదిలే బాసిస్టే నాకు ఎక్కువ నచ్చుతాడు.