నదిచేపను నిలబెట్టే చేయి

సూరత్‌లో చేపలు చూడాలంటే ఎవరైనా పాల్‌లోని జగదీశ్‌చంద్ర బోస్ అక్వేరియానికి దారి చెబుతారు. నన్నడిగితే లింబాయత్ వెళ్లమంటాను. మగ్గాల మీద బతికే మన పద్మశాలీల్లో మేస్త్రీ ఒకాయన అక్కడున్నారు. బతకవని దుకాణాలవాళ్లు చేతులెత్తేసిన గాజుచేపలు ఆయన తొట్టెలో ఏళ్లపాటు ఈదుతుంటే చూశాను.

గాజుచేప మన చేపే. నదుల్లో, చెరువుల్లో, వరిపొలాల నీళ్లలో దొరుకుతుంది. గంగానది చేపల గురించి 1822లో రాసిన పుస్తకంలో హామిల్టన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీనికి శాస్త్రనామం పెట్టాడు. చరిత్ర ఇంత చాలు, చేతిపనికి వద్దాం.

చేప ఉన్న సంచి ఇంటికి రాకముందే మేస్త్రీగారి పని సగం అయిపోతుంది. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక ముందురోజే పట్టి, గాలి పంపు పెట్టి ఉంచుతారు. తొట్టె కొత్తదైనా ఫిల్టర్ స్పాంజి పాతదే వేస్తారు. చేప వదిలే అమ్మోనియాను తినే బాక్టీరియా ఉండేది అందులోనే. తొట్టెకు మూడువైపులా చీర ముక్క కడతారు, లైటు వేయరు.

సంచిని నీళ్లమీద పావుగంట తేలనిస్తారు, వేడి సమానం కావడానికి. ఆపైన గంటలకొద్దీ చుక్కచుక్కగా నీళ్లు కలపాలని చాలామంది అంటారు. దూరం నుంచి వచ్చిన సంచి విషయంలో ఆయన ఒప్పుకోరు, నేనూ ఆయన పక్షమే. మూసిన సంచిలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని నీటి పీహెచ్ తగ్గుతుంది, అమ్మోనియా విషం అణిగి ఉంటుంది. మూతి విప్పగానే వాయువు పోతుంది, పీహెచ్ లేస్తుంది, అణిగిన విషం మొప్పల్ని కాలుస్తుంది. అందుకే తొట్టె నీటిని ముందే సంచి నీటికి దగ్గరగా తయారుచేసుకుని, విప్పిన కాసేపటికే చేపను మెత్తని వలతో దాటిస్తారు. సంచి నీళ్లు చుక్క కూడా తొట్టెలో పడనివ్వరు.

అసలు పరీక్ష మేత దగ్గర. నదిలో పుట్టిన గాజుచేప పొడిమేత వంక చూడదు. మొదట దోమ లార్వాలు, ఆర్టీమియా పిల్లలు బతికున్నవే వేస్తారు. తర్వాత గడ్డకట్టించినవి కలుపుతారు, ఆ తర్వాతే పొడిమేత. ఈ చేపకు వెన్నుముళ్లన్నీ బయటికే కనిపిస్తాయి, పొట్ట ఒక్కటే వెండిరంగు. ఆ వెండి ఉబ్బిందా లేదా అని ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చూసే తీరు చూడాలి! తెగిన పోగు వెతికేటప్పుడూ అదే చూపు. నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచి, పురుగులేమీ లేవని తేలాకే మిగతా చేపల్లో కలుపుతారు.

ఈ విద్యలో పెద్ద పేర్లకు కొదవలేదు. అడవి నదులన్నీ గాలించిన జర్మన్ హైకో బ్లెహర్ పేరుమీదే 1986లో ఒక టెట్రా చేపకు బ్లెహరి అని శాస్త్రనామం పెట్టారు. ఆయనంటే గౌరవమే. కానీ పన్నెండు గంటలు మగ్గాల మోతలో నిలబడి వచ్చి, చేప తినేదాకా తాను అన్నం ముట్టని మనిషికి నేను వేసే పీట ఇంకా ఎత్తు.

ఇక నా కోపం. అద్దంలాంటి ఈ చేపకే సూదితో గులాబీ, పచ్చ రంగులు ఎక్కించి అమ్ముతున్నారు. అంత చిన్న ఒంట్లో సూది దిగితే గాయం కాదా? ఎన్నో సూదిపోటుకే చస్తాయి, మిగిలినవి రోగాల పాలవుతాయి. బతికి బట్టకట్టినవాటికీ కొన్ని నెలల్లో ఆ రంగు వెలిసిపోతుంది. దేవుడిచ్చిన పారదర్శకత మీద పూసిన ఆ రంగును అందమనేవాడికి చేపలు పెంచే అర్హత లేదు.

చదివేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. రంగెక్కించిన చేపను కొనకండి. నది నుంచి వచ్చిన చేపనైతే దుకాణంలోనే రెండు వారాలు ఉంచమని అడగండి, మీ కళ్లముందు మేత తింటేనే డబ్బివ్వండి. మిస్ కేరళలాంటి, అంతరించే ప్రమాదంలో ఉన్న చేపలను నది నుంచి పట్టి తెచ్చామంటే వద్దనండి. నాలుగు వారాలు ఆగే ఓపిక లేకపోతే తొట్టె కొనడమే మానేయండి.