తీరే బాకీ

పిల్లల తప్పు వల్ల డబ్బు నష్టం వచ్చినప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా రెండు పద్ధతులే కనిపిస్తాయి. ఒకటి, తండ్రి గుట్టుచప్పుడు కాకుండా డబ్బు కట్టేసి "నీకెందుకీ గొడవ, నువ్వు చదువుకో" అనడం. రెండోది, కట్టేశాక మార్కులు తగ్గినప్పుడల్లా, చేతిలో ఫోన్ కనబడినప్పుడల్లా ఏళ్ల తరబడి ఆ నష్టాన్ని తవ్వి తీయడం. మొదటి ఇంట్లో పిల్లవాడికి బాకీ ఉన్నట్టే తెలియదు. రెండో ఇంట్లో అది ఎప్పటికీ తీరదు. రెండుచోట్లా వాడి చేత్తో వాడు ఒక్క రూపాయి కట్టి ఉండడు.

తెనాలిలో మా అక్కా బావలకు స్టేషనరీ షాపు ఉంది. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వాళ్లబ్బాయి, బావ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా స్కూటర్ తీసుకుని వెళ్లి, మలుపులో ఆగి ఉన్న కారును గుద్దేశాడు. మోచేయి గీరుకుంది తప్ప వాడికేమీ కాలేదు. కారు తలుపుకు టింకరింగ్, పెయింటింగ్, స్కూటర్‌కు హెడ్‌లైటు, అద్దం, మడ్‌గార్డు, అంతా కలిపి 9,400 రూపాయలు తేలింది.

ఆ సాయంత్రం బావ వాణ్ణి వెంటబెట్టుకుని కారాయన ఇంటికి వెళ్లాడు. మాట్లాడింది మాత్రం వాడే. ఆయన కోప్పడితే పడ్డాడు. "లైసెన్సు లేని పిల్లాడి చేతికి బండి ఎలా అందిందండీ?" అని ఆయన బావనూ అడిగాడు. అందులో న్యాయముంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన 199ఎ సెక్షన్ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే దోషిగా నిలబడేది తల్లిదండ్రులో, బండి యజమానో. తమకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకోలేకపోతే 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. నడిపిన పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు.

మర్నాడు షెడ్డుకు వెళ్లి మెకానిక్ చేత ఎస్టిమేటు వేయించుకొచ్చిందీ వాడే. రాత్రి ముగ్గురూ కూర్చుని లెక్క చూసుకున్నారు. బావ 6,400 తన మీద వేసుకున్నాడు. తాళంచెవి టీవీ పక్కన మేకుకు అందరికీ అందేలా వేలాడుతుంటుంది. పైగా ఇంటి సందులో వాడి చేత బండి నడిపించి మురిసిపోయింది తనే. ఈ పంపకం నాకు చాలా నచ్చింది. పెద్దవాళ్లు తమ వాటా ఒప్పుకోకుండా మొత్తం పిల్లవాడి నెత్తిన వేస్తే, వాడు ఆ లెక్కలోని అన్యాయాన్నే చూస్తాడు, తన తప్పు వాడికి కనపడదు.

వాడి వాటా 3,000. పండగలకు తాతయ్యలిచ్చిన డబ్బు ఉందిగా, అందులోంచి తీద్దామంది అక్క. బావ వద్దన్నాడు. జూన్‌లో బడులు తెరిచే ముందు షాపులో నోటు పుస్తకాలకు అట్టలు వేసే పని బోలెడుంటుంది. పుస్తకానికి 5 రూపాయలు, బయటి కుర్రాళ్లకిచ్చే రేటే. అంటే 600 పుస్తకాలు. బ్రౌన్ షీటు కొలిచి కోయాలి, మూలలు మడవాలి, లేబుల్ అంటించాలి. అట్ట చిరిగితే ఆ పుస్తకం లెక్కలోకి రాదు. కొన్నాళ్లు ముభావంగానే చేశాడు. తర్వాత ఒకరోజు "మనం కస్టమర్ దగ్గర ఎంత తీసుకుంటున్నాం నాన్నా?" అని అడిగాడట. 10 అని తెలిశాక షీటు ఖరీదు, లేబుల్ ఖరీదు, తన కూలి తీసేసి షాపుకు మిగిలేదెంతో కాగితం మీద వేసుకున్నాడు. అన్నేళ్లుగా ఆ షాపు మీదే బతుకుతున్న పిల్లవాడు దాని లెక్క అడగడం అదే మొదటిసారి.

ఇంటి పనికి మాత్రం కూలి కట్టకూడదంటాను. కంచం తీయడం, మంచినీళ్లు పట్టడం ఇంట్లో ఉన్న ప్రతివాళ్ల పని. దానికి డబ్బిస్తే, డబ్బు అక్కర్లేని రోజున మానేస్తారు.

గట్టిగా అడ్డుపడింది మా అమ్మ. "పసివాడి దగ్గర వసూళ్లేమిటే!" అని అక్కను కేకలేసి, తన పింఛనులోంచి 2,000 తీసి మనవడి జేబులో పెట్టింది. వాడూ తీసుకున్నాడు. బావకు తెలిసి, "అత్తయ్యగారూ, మీరిస్తే నా డబ్బు నాకొస్తుంది గానీ వాడి బాకీ తీరదండీ" అన్నాడు. అమ్మ అలిగింది. చివరికి డబ్బు వెనక్కి తీసుకుంది.

నిజానికి చట్టం ముందు ఈ బాకీ నిలవదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద మైనరు చేసిన ఒప్పందం అసలు చెల్లదని 1903లోనే మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. వాడు కట్టనని కూర్చుంటే ఎవరూ ఏమీ చేయలేరు. కడుతున్నాడంటే అది కేవలం ఇచ్చిన మాట కోసం. అందుకే ఆ 3,000కు నేనంత విలువ ఇస్తున్నాను.

గాంధీ తండ్రి ఏమీ వసూలు చేయలేదు కదా అని ఒక మిత్రురాలు అడిగింది. ఆత్మకథలోని ఆ ఘట్టం చాలామందికి తెలిసిందే. అన్నకున్న పాతిక రూపాయల అప్పు తీర్చడానికి, ఆ అన్న చేతి బంగారు కడియం లోంచే 15 ఏళ్ల గాంధీ చిన్న ముక్క తీశాడు. తర్వాత ఉండబట్టలేక తప్పంతా కాగితం మీద రాసి, తగిన శిక్ష వేయమని అడిగి, మళ్లీ దొంగతనం చేయనని మాటిచ్చి, జబ్బుతో మంచం పట్టి ఉన్న తండ్రి చేతికిచ్చాడు. తండ్రి చదివి కన్నీళ్లు పెట్టుకుని, కాగితం చించేశాడు. ఆ కుర్రాడు లెక్క తనే రాసి తెచ్చాడు, శిక్ష తనే అడిగాడు. తండ్రి చేయాల్సింది లెక్క ముగించడం ఒక్కటే, అది ఆయన చేశాడు. మన ఇళ్లలో కొరవడేది ఆ ముగింపే. 600వ పుస్తకం అయ్యాక బావ, వాడి బాకీ లెక్క రాసుకున్న కాగితం మీద అడ్డగీత కొట్టాడు. ఆ మాట మళ్లీ ఇంట్లో ఎత్తకూడదని అక్కకూ చెప్పాడు. బంధువులకు కూడా నాదో మనవి. అలాంటి ఇంటికి వెళ్తే ఆ సంగతి కదపకండి.

నష్టం లక్షల్లో ఉంటే? ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి. అయినా పోగొట్టుకున్న పిల్లలు, ఇంట్లో తెలుస్తుందన్న భయంతో ప్రాణం తీసుకున్న పిల్లలు వార్తల్లోకి ఎక్కుతూనే ఉన్నారు. మోసగాడు లింకు పంపి డబ్బు కాజేస్తే అది పిల్లవాడి బాకీ కానే కాదు. వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి. వాడే తెలిసి ఆడి పోగొడితే, వాటా తేల్చేటప్పుడు పోయిన మొత్తాన్ని కాదు, వాడి వయసును చూడాలి. ఒకటి రెండు సెలవుల్లో తీర్చగలిగినంతే వాడిది. మిగతాది ఇంటి నష్టమని, దాని గురించి ఇక అడగబోమని వాడికి నోటితో చెప్పాలి. ముందు పిన్ను మార్చండి, ఫోన్లో దాచిన కార్డు వివరాలు తీసేయండి. పిల్లవాడు ముడుచుకుపోయి, తిండి మానేసి, మాట్లాడకుండా ఉంటే డబ్బు మాట పక్కనపెట్టి 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వ సేవ. తెలుగులోనే, ఏ వేళప్పుడైనా మాట్లాడతారు.